తల నెరిసే వరకు మోసే దేవుడు



"నేను మీ అందరికీ భారమైపోయాను." మంచం పట్టిన పెద్దల నోట ఈ మాట తరచుగా వింటాము. ఒకరిచేత మోయించుకోవడం సిగ్గు అని మనకు అనిపిస్తుంది. అయితే దేవుడు తన ప్రజలను విడిపించి కాపాడిన విధమును చెప్పడానికి పరిశుద్ధ గ్రంథము వాడిన పోలికలలో ఇది ఒకటి: ఆయన వారిని ఎత్తుకొని మోశాడు.

ఐగుప్తు దాస్యంలోనుండి వచ్చిన ఇశ్రాయేలీయులు సీనాయి కొండ యెదుట దిగినప్పుడు, గద్ద తన రెక్కలమీద మోసినట్లు తాను వారిని మోసి తెచ్చానని దేవుడు చెప్పాడు (నిర్గమ 19:4). వారు నడిచింది తమ కాళ్ళతోనే. అయినా మోసినవాడు ఆయనే. తండ్రి కుమారుని ఎత్తుకున్నట్లు అరణ్యమంతటా దేవుడు మిమ్మును ఎత్తుకున్నాడని మోషే తరువాత వారికి గుర్తు చేశాడు (ద్వితీ 1:31).

యెషయా 46వ అధ్యాయము ఇంకా లోతైనది. బబులోను దేవతలైన బేలు, నెబోల విగ్రహాలను పశువులమీద ఎక్కిస్తే, అలసిన పశువులకు అవి బరువయ్యాయి. ఇశ్రాయేలు దేవుడైతే తన ప్రజలమీద బరువు పెట్టేవాడు కాడు. తల్లి గర్భము మొదలు తల నెరిసే వరకు తానే వారిని మోసేవాడు. ఈ మూడు చోట్లా హెబ్రీ మూలంలో ఉన్నది ఎత్తుట, మోయుట అని అర్థమిచ్చే ఒకే క్రియ. పసిబిడ్డకూ నెరిసిన తలకూ ఆయన ప్రేమలో తేడా లేదు.

ఆ మోసే పనిని దేవుడు మనుష్యుల చేతులతో కూడా చేస్తాడు. కపెర్నహూములో పక్షవాయువుగల వానిని నలుగురు మోసుకొని వచ్చి, ఇంటికప్పు విప్పి యేసు ఎదుట దించారు (మార్కు 2:1-12). అతడు తనంతట తాను రాలేదని ప్రభువు తప్పుపట్టలేదు.

కాబట్టి, మంచం మీద ఉన్న మీరు సహాయం అడగడానికి వెనుకాడకండి. రాత్రివేళ ఎవరినీ లేపడం ఇష్టంలేక ఒంటరిగా బాత్రూముకు వెళ్ళి జారిపడి, తుంటి ఎముక విరగగొట్టుకునే వృద్ధులున్నారు. మాటిమాటికీ మూత్రానికి లేవాల్సి వస్తుందని కొందరు మంచినీళ్ళు మానేస్తారు. దానివల్ల నీరసం, మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్ రావచ్చు. నీళ్ళు తగ్గించమని డాక్టరుగారు చెప్పి ఉంటే తప్ప, దాహాన్ని అణచుకోకండి. మీరు పిలిచే ఒక్క పిలుపు ఇంటివారికి పెద్ద కష్టాన్ని తప్పిస్తుంది.

సేవచేసే కుటుంబీకులకు కూడా ఒక మాట. కదలలేని రోగిని సుమారు 2 గంటలకొకసారి పక్కకు తిప్పితే పడక పుండ్లు రాకుండా కాపాడవచ్చు. అయితే ఈ పని రాత్రింబగళ్ళు ఒక్కరే చేయలేరు. మోషే కూడా చేయలేకపోయాడు. పాలు తాగే బిడ్డను ఎత్తుకున్నట్లు ఈ ప్రజలందరినీ నేనొక్కడినే మోయాలా అని ఆయన దేవునికి మొరపెట్టుకున్నాడు (సంఖ్యా 11:11-17). అక్కడ కూడా అదే క్రియ ఉంది. దేవుడు ఆయనను గద్దించలేదు. ఆ భారమును పంచుకోవడానికి 70 మంది పెద్దలను ఏర్పాటు చేయించాడు.

కనుక ఇంట్లో వంతులు వేసుకోండి. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను, సంఘస్థులను పిలవండి. మీరు కూడా వేళకు తినండి, నిద్రపోండి. నిద్రపట్టక, విసుగు ఎక్కువై, కన్నీళ్ళు ఆగకపోతే ఆ సంగతి డాక్టరుగారితోనో నర్సమ్మతోనో చెప్పండి. అలసిపోయానని చెప్పడం ప్రేమ తగ్గినట్టు కాదు, విశ్వాసం తగ్గినట్టు అంతకంటే కాదు.

సంఘస్థులారా, పరామర్శకు వెళ్ళినప్పుడు ప్రార్థన చేసి వెంటనే లేచి రాకండి. ఒక్క పూట రోగి దగ్గర కూర్చుని, ఆ ఇంటివారిని కాసేపు నిద్రపోనివ్వండి. మంచానికి నాలుగు మూలలున్నాయి. ఒక మూల మీరు పట్టుకోండి.

మోయువానికి, మోయబడువానికి దేవుడు తోడైయుండును గాక.