సీమచింత గింజకు గుజ్జు ఎందుకు?

ఎండలు ముదిరే వేళకు సీమచింతకాయలూ ముదురుతాయి. మెలికలు తిరిగిన పచ్చటి కాయ పండేకొద్దీ ఎర్రబారి, అంచు వెంబడి తనంతట తానే విచ్చుకుంటుంది. లోపల తెల్లటి గుజ్జు, ఒక్కోసారి గులాబీ రంగుది. అందులో నిగనిగలాడే నల్ల గింజలు.

కంది, చిక్కుడు కూడా సీమచింత కుటుంబానివే. వాటికి లేని గుజ్జు దీనికెందుకు? గింజలన్నీ చెట్టు కిందే రాలితే మొలకలకు ఎండ సరిగా అందదు. వాటిని దూరం మోయాలి. మోసే పక్షులకు చెట్టు ఇచ్చే కూలే ఈ గుజ్జు! ఎరుపు, తెలుపు, నలుపు పక్కపక్కనే ఉంటే ఆకుల మధ్య ఇట్టే కంటపడతాయి.

తమాషా ఏమిటంటే, మనం తినేది కాయ కండ కాదు. గింజను కాయకు అంటిపెట్టే సన్నని కాడే ఉబ్బి, గింజ చుట్టూ తొడుగులా పెరుగుతుంది.

ఈ చెట్టు పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. స్పెయిన్ వాళ్లు ఫిలిప్పీన్స్‌కు తెచ్చారు. ఇప్పుడు మన చేల గట్ల మీదా ఉంది.

గింజ దొరికితే గోటితో పైపొర గీకండి. నలుపు కింద గోధుమరంగు పొర కనిపిస్తుంది. అది చిట్లకుండా నలుపంతా ఒలవగలరా? ఒలవని గింజల్ని తడిమట్టిలో వేయండి, త్వరగానే మొలకెత్తుతాయి.