కేబుల్ పోయింది... కేబులన్న ఉన్నాడు!

నెల మొదటి ఆదివారం. గేటు దగ్గర బైక్ హారన్, వెనకే "కేబుల్ బిల్లూ..." అని ఓ కేక. మేడ్చల్, శామీర్‌పేట వైపు కాలనీల్లో పెరిగిన ఎవరికైనా ఈ గొంతు గుర్తుంటుంది. ఇప్పుడు ఆ ఇళ్లల్లో చాలావాటిలో టీవీ కింద సెట్‌టాప్ బాక్స్ లేదు. గోడకు ఒక తెల్ల డబ్బా, దానికి రెండు యాంటెన్నాలు, మిణుకుమిణుకుమనే పచ్చ లైట్లు ఉన్నాయి. తమాషా ఏంటంటే, ఆ డబ్బా బిగించింది కూడా చాలాచోట్ల ఆ కేబులన్నే!

"కేబుల్ తీసేద్దాం, వైఫై పెట్టిద్దాం" అని ఇంట్లో మొదట అనేది కుర్రాళ్లే. నాన్న లెక్క అడుగుతాడు. అమ్మ మాత్రం ఒకటే ప్రశ్న వేస్తుంది: "మరి నా సీరియల్ వస్తదా?" నవ్వి ఊరుకోకండి. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే చిక్కు ప్రశ్న అదే.

ముందు నాన్న లెక్క చూద్దాం.

153 రూపాయల 40 పైసలు

2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కేబుల్ బిల్లు పద్ధతి మార్చేసింది. చూసే చానల్‌కే డబ్బు కట్టండి అంది. వినడానికి బాగుంది కదా! కానీ ఏ చానల్ చూసినా చూడకపోయినా ముందు నెట్‌వర్క్ ఫీజు అని 130 రూపాయలు కట్టాలి. దాని మీద 18 శాతం జీఎస్టీ. వెరసి 153 రూపాయల 40 పైసలు. మొదట ఆ డబ్బుకు 100 చానళ్లు ఇచ్చారు. 2020లో 200కు పెంచారు. అయితే మనం నిజంగా పెట్టుకునే మాటీవీ, జీ తెలుగు, జెమిని, ఈటీవీలకు మళ్లీ వేరే రేటు. ప్యాకేజీలో కలిపే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదని 2022 నవంబర్‌లో హద్దు గీశారు. 130 రూపాయల హద్దునేమో 2024 జులైలో ఎత్తేశారు. ఇప్పుడు ఆ ఫీజు ఎంతో కంపెనీలే చెప్పుకోవచ్చు.

ఇటు నెట్ సంగతి. 2017 మార్చిలో ఏసీటీ ఫైబర్‌నెట్ హైదరాబాద్‌లో సెకనుకు 1 గిగాబిట్ స్పీడ్ తెచ్చిందంటే అందరూ నోరెళ్లబెట్టారు. అప్పటికి ఊరి చివర ఉన్నవాళ్లకు ఫోన్లో జియో సిమ్మే దిక్కు. 2019 సెప్టెంబర్ 5న జియో ఫైబర్ 699 రూపాయల ప్లాన్‌తో వచ్చింది. ఏడాది తిరిగేసరికి 30 ఎంబీపీఎస్ ప్లాన్ 399కి దిగింది. జీఎస్టీ కలిపితే 471. (జియో సిమ్ వచ్చింది 2016 సెప్టెంబర్ 5న. నాని సినిమా 'వి' థియేటర్‌కు వెళ్లకుండా నేరుగా ప్రైమ్‌లోకి వచ్చిందీ 2020 సెప్టెంబర్ 5నే. ఆ తేదీలో ఏదో ఉంది!)

30 ఎంబీపీఎస్ సరిపోతుందా? ఇంటికి ఒక టీవీ, రెండు ఫోన్లు ఉంటే బాగానే సరిపోతుంది. ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతోంది. 200, 300 అంటూ పెద్ద నంబర్లు చూపిస్తే అవసరమున్నా లేకున్నా కట్టేయకండి.

అసలు కథ ఎక్కడ మారిందంటే, ఆన్‌లైన్ క్లాసులు, వర్క్ ఫ్రమ్ హోమ్ వచ్చాక నెట్ ఎలాగూ తప్పని ఖర్చయింది. దాంతో "కేబులా, నెట్టా?" అన్న ప్రశ్న పోయి, "నెట్ ఉండగా కేబుల్ కూడా ఎందుకు?" అన్న ప్రశ్న వచ్చింది. వార్తలా? టీవీ9, ఎన్టీవీ, వీ6 అన్నీ యూట్యూబ్‌లో లైవ్ వస్తున్నాయి, పైసా లేకుండా. క్రికెట్టా? ఫోన్లో చూస్తాం. ఇంకేముంది, బిల్లులో గీత కొట్టేయడానికి మొదట కనిపించేది కేబులే. దేశమంతా ఇదే వరస. డబ్బు కట్టి డిష్ పెట్టుకున్న కనెక్షన్లు 2020 చివర్లో సుమారు 7 కోట్లు ఉంటే, 2025 మార్చికి 5.7 కోట్ల దగ్గరికి పడిపోయాయని ట్రాయ్ లెక్కలే చెబుతున్నాయి.

అమ్మ ప్రశ్నకు జవాబు

ఇప్పుడు సీరియల్ దగ్గరికొద్దాం. కేబుల్లో నాలుగు పెద్ద తెలుగు చానళ్లు ఒకే రిమోట్ మీద ఉండేవి. ఏ నంబర్ నొక్కితే ఏది వస్తుందో అమ్మకు కళ్లు మూసుకున్నా తెలుసు. స్ట్రీమింగ్‌లోకి వచ్చేసరికి మాటీవీ సీరియల్ జియో హాట్‌స్టార్‌లో, జీ తెలుగుది జీ5లో, జెమినిది సన్ నెక్స్ట్‌లో, ఈటీవీది ఈటీవీ విన్‌లో. ఒక వంటింటికి నాలుగు తాళాలు అన్నమాట. నాలుగింటికీ నాలుగు చందాలు, నాలుగు లాగిన్లు. అవి కాక మీకు ఆహా కావాలి, ప్రైమ్ కావాలి, నెట్‌ఫ్లిక్స్ కావాలి. అన్నీ కలిపి ఒక్కసారి కాగితం మీద రాసి చూడండి. కేబుల్ తీసేసి మిగిల్చామనుకున్న డబ్బు ఎటు పోయిందో తెలిసిపోతుంది.

లాభం లేదని కాదు. ఒకప్పుడు 'కార్తీక దీపం' వచ్చే టైముకు కరెంటు పోతే ఇంట్లో ఎంత గోల! ఇప్పుడు ఆ బాధ లేదు. కొన్ని సీరియళ్లు చందా కట్టినవాళ్లకు టీవీ కంటే ముందే యాప్‌లో వచ్చేస్తున్నాయి. సాయంత్రం దాకా ఆగక్కర్లేదు, వంట మధ్యలో ఆపుకోవచ్చు. కానీ చందా అయిపోయిన రోజు చూడాలి. ఓటీపీ వచ్చేది కొడుకు ఫోన్‌కు. కొడుకేమో కండ్లకోయ దాటి ఔటర్ మీద ఆఫీసు దారిలో ఉంటాడు. వాడు వచ్చి నంబర్ చెప్పేదాకా టీవీలో సున్నా చుట్టూ సున్నా తిరుగుతూనే ఉంటుంది. కేబుల్లో అయితే అమ్మ తనే ఫోన్ చేసి, "బొమ్మ వస్తలేదు, జర చూడు నాయనా" అనేది. అరగంటలో మనిషి వచ్చేవాడు. చానల్ పోతే మనిషి వస్తాడు, యాప్ ఆగితే మెసేజ్ వస్తుంది. పెద్దవాళ్లకు ఈ తేడా మనం అనుకున్నదానికంటే పెద్దది.

అందుకే ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే లైవ్ చానళ్లతో కలిపి వచ్చే నెట్ ప్లాన్ చూడటం మేలు. రిమోట్‌లో నంబర్లు ఉంటే ఇంకా మంచిది. మైక్ బటన్ నొక్కి తెలుగులో అడిగితే వెతికి పెడుతుందని నేర్పించండి. ఒక్కరోజు ఓపిక పడితే చాలు.

తీగ ఎక్కడ వేలాడుతోంది?

మేడ్చల్ నేషనల్ హైవే మీద ఉంది, శామీర్‌పేట రాజీవ్ రహదారి మీద ఉంది. ఎంఎంటీఎస్ 2023లో మేడ్చల్ దాకా వచ్చింది. శామీర్‌పేట పక్కన నల్సార్, తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ. చూడ్డానికి ఇక్కడ నెట్‌కు కొదవేముంటుంది అనిపిస్తుంది. కానీ మెయిన్ రోడ్డు దిగి లోపలికి రెండు కిలోమీటర్లు వెళ్లండి. ఒకవైపు విల్లాలు, ఒకవైపు వరి మడి, మధ్యలో సగం కట్టిన వెంచర్. వందిళ్లున్న గేటెడ్ కమ్యూనిటీకి పెద్ద కంపెనీ పరుగెత్తుకుంటూ వచ్చి ఫైబర్ వేస్తుంది. నాలుగిళ్లున్న వెంచర్‌కు ఎవరు వేస్తారు? అక్కడిదాకా స్తంభం స్తంభానికీ తీగ లాక్కుంటూ వెళ్లేది లోకల్ కేబులన్నే.

ఆ స్తంభాలేమో కరెంటోళ్లవి. ఈ మాట 2025 ఆగస్టులో అందరికీ తెలిసొచ్చింది. మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఉన్న రామంతాపూర్‌లో ఆగస్టు 17 అర్ధరాత్రి శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. దాంతో స్తంభాల మీద గూళ్లలా అల్లుకున్న టీవీ, ఇంటర్నెట్ తీగల మీద సర్కారు కళ్లు పడ్డాయి. విద్యుత్ సంస్థ సిబ్బంది నగరమంతా తీగలు కోసి కింద పడేశారు. ఎన్నో కాలనీల్లో నెట్ రోజుల తరబడి లేదు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు ల్యాప్‌టాప్ పట్టుకుని ఎక్కడ సిగ్నల్ దొరికితే అక్కడికి వెళ్లారు. ఎయిర్‌టెల్ హైకోర్టు మెట్లెక్కింది.

ఎవరిది తప్పు? తెగిపోయిన పాత తీగను తీయకుండా దాని మీదే కొత్తది వేసుకుంటూ పోయినవాళ్లదీ తప్పే. ఏళ్లుగా చూస్తూ ఊరుకుని, ప్రాణాలు పోయాక ఒక్కరోజులో కత్తెర పట్టినవాళ్లదీ తప్పే. ప్రాణం కంటే వైఫై ఎక్కువ కాదు. అందులో రెండో మాట లేదు. కానీ నెట్ తీగ తెగితే ఈరోజు ఇంట్లో టీవీతో పాటు జీతం, క్లాసు, పరీక్ష ఫీజు కట్టే లింకూ అన్నీ ఆగిపోతున్నాయి. ఒకప్పుడు కేబుల్ తెగితే ఆ రాత్రి సినిమా పోయేది, అంతే.

భూమిలో వేస్తే గొడవే ఉండదు కదా అంటారా? రోడ్లు తవ్వకుండా ఉంటేనే! సుచిత్ర నుంచి గుండ్లపోచంపల్లి దాకా ఫ్లైఓవర్లు, ప్యారడైజ్ నుంచి రెండు రోడ్ల మీదా ఎలివేటెడ్ కారిడార్లు. ఆపైన ప్యారడైజ్-మేడ్చల్ 23 కిలోమీటర్లు, జేబీఎస్-శామీర్‌పేట 22 కిలోమీటర్ల మెట్రో కోసం 2025 జనవరి 1న ముఖ్యమంత్రి డీపీఆర్ తయారు చేయమన్నారు. పొక్లెయిన్ పళ్లకు ఫైబర్ ఏది, మట్టి ఏది అన్న తేడా తెలియదు.

కేబులన్న లెక్క

ఇతని వైపు నుంచి కూడా కాస్త చూడాలి. ఆ 130 రూపాయల నెట్‌వర్క్ ఫీజులో ట్రాయ్ నమూనా ఒప్పందం ప్రకారం పెద్ద కంపెనీకి 55 శాతం, లోకల్ ఆపరేటర్‌కు 45 శాతం. అంటే ఇంటికి 58 రూపాయల 50 పైసలు. దాంట్లోనే తీగ, నిచ్చెన, పెట్రోలు, కుర్రాడి జీతం. వంద ఇళ్లు కేబుల్ మానేస్తే నెలకు 5,850 పోయినట్టే. అందుకే తెలివైనవాళ్లు ముందే మారిపోయారు. తొంభైల్లో డిష్ పెట్టి, రాత్రిపూట వీసీఆర్‌లో సినిమా వేసి ఇంటింటికీ తీగ లాగినవాళ్లే ఇప్పుడు చేతిలో ఫైబర్ అతికించే మెషీన్‌తో తిరుగుతున్నారు. పైన పెద్ద కంపెనీ పేరు ఏదున్నా, చివరి వంద మీటర్లు ఇతనివే. రిలయన్స్ 2018లో హాత్‌వే, డెన్ లాంటి కేబుల్ కంపెనీల్లో పెద్ద వాటాలు ఊరికే కొనలేదు మరి! ఆంధ్రలో 2017 డిసెంబర్ 27న మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకే నెట్, ఫోన్, 250 చానళ్లు అన్నప్పుడు కూడా కరెంటు స్తంభాల మీదే ఫైబర్ వేసి, ఇళ్లదాకా తీసుకెళ్లే పని కేబుల్ ఆపరేటర్లకే ఇచ్చింది.

తీగే వద్దనుకుంటే గాలిలో వచ్చే నెట్ ఉంది. జియో ఎయిర్‌ఫైబర్ 2023 సెప్టెంబర్ 19న ఎనిమిది నగరాల్లో మొదలైంది. వాటిలో హైదరాబాద్ ఒకటి. మేడ మీద చిన్న డబ్బా బిగిస్తారు, అది 5జీ టవర్ నుంచి సిగ్నల్ పట్టి కింద వైఫై ఇస్తుంది. ఫాంహౌస్‌లకు, స్తంభం దూరంగా ఉన్న వెంచర్లకు ఇది నిజంగా వరం. అయితే టవర్‌కూ మీ మేడకూ మధ్య ఏముందో చూసుకోవాలి. రాత్రి ఎనిమిదింటికి అందరూ ఒక్కసారే టీవీ పెడితే స్పీడ్ ఎంతుందో పక్కింట్లో అడగాలి. నెలకు ఎంత డేటా అన్నది కూడా చూడండి. హెచ్‌డీలో గంటకు సుమారు 3 జీబీ అనుకుంటే, రోజుకు ఐదు గంటలు టీవీ నడిచే ఇంట్లో నెలకు 450 జీబీ ఒక్క టీవీకే అయిపోతుంది.

ఇక నా మాట. కేబుల్ తీసేయాలని ఉంటే ఒకే రోజు తీసేయకండి. ఒక నెల రెండూ ఉంచండి. ఆ నెలలో వాన పడాలి, కరెంటు పోవాలి, ఒక ఆదివారం మ్యాచ్ ఉండాలి. అప్పుడు తెలుస్తుంది మీ నెట్ సంగతి. ఏడాది ప్లాన్‌కు రెండు నెలలు ఫ్రీ అంటారు. మొదటిసారే ఆ ఆశకు పోకండి, తీగ తెగితే ఏడాది డబ్బు మన చేతిలో ఉండదు. కరెంటు పోతే వైఫై డబ్బా ఆగిపోతుంది కాబట్టి దానికో మినీ యూపీఎస్ కొనుక్కోండి. ఓటీటీలు అన్నీ ఒకేసారి పెట్టుకోకుండా ఈ నెల ఒకటి, వచ్చే నెల ఒకటి తిప్పుకోండి. అమ్మ సీరియల్ ఉన్న యాప్‌ను మాత్రం తిప్పకండి!

చివరగా ఇంకొకటి. కనెక్షన్ ఆపేశాక సెట్‌టాప్ బాక్స్ తిరిగి ఇచ్చేస్తాం. మన పిట్టగోడ నుంచి స్తంభం దాకా ఉన్న నల్ల తీగ మాత్రం అక్కడే ఉండిపోతుంది. రెండేళ్లకు అది వదులై, బట్టలారేసే తీగ పక్కన ఊగుతూ ఉంటుంది. మీరు దాన్ని ముట్టుకోవద్దు. బాక్స్ ఇచ్చే రోజే కేబులన్నను పిలిచి, నిచ్చెన వేసి అది కూడా విప్పించి చుట్టి పట్టుకుపొమ్మనండి.