ఢిల్లీ లేఖ: ఎల్ల దాటితే మారే ధర

లీటరు పెట్రోలు ఎక్కడ చవక అనే ప్రశ్నకు సమాధానం బంకుల్లో వెదకడం వృథా ప్రయాస. సూరత్ నగరమే ఇందుకు నిదర్శనం. ప్రభుత్వ రంగ చమురు సంస్థలు 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ధరలను ఏరోజుకారోజు నిర్ణయించే పద్ధతి ప్రవేశపెట్టాయి. ఒకే నగరంలో ఆ సంస్థల బంకుల మధ్య వ్యత్యాసం సాధారణంగా పైసల్లోనే ఉంటుంది. ఆ పైసల కోసం ఊరంతా తిరిగితే మిగిలేదానికన్నా తగలబడేదే ఎక్కువ.

రాష్ట్రపు ఎల్ల దాటితే మాత్రం పైసలు రూపాయలవుతాయి. సూరత్ నుంచి ధూలే వెళ్లే దారిలో ఉన్న నవాపూర్ రైల్వే స్టేషను కొంత గుజరాత్‌లోనూ, కొంత మహారాష్ట్రలోనూ ఉంది. ప్లాట్‌ఫారం ఒక్కటే, పన్నులు రెండు!

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు అనేకం మరమగ్గాలపై బతుకుతున్నాయి. వారిలో ఒక వృద్ధుడు నన్ను అడిగాడు: “గీడ పోసుకున్న పెట్రోలే మా ఊర్ల పోసుకుంటే పది రూపాయలకు పైన ఎందుకు ఎక్కువైతది సారూ?”

ఆయన లెక్క తప్పు కాదు. 2024 మార్చి 15న ధర రెండు రూపాయలు తగ్గిన తర్వాత కూడా హైదరాబాదులో లీటరు పెట్రోలు 107.41 రూపాయలు, సూరత్‌లో 95 రూపాయల లోపే. ఆనాటికి గుజరాత్ వ్యాట్ 13.7 శాతం, దానిపై 4 శాతం సెస్సు. తెలంగాణలో వ్యాట్ 35.20 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రహదారి సెస్సు. 2021 నవంబరులో కేంద్రం ఎక్సైజు సుంకాన్ని పెట్రోలుపై 5, డీజిలుపై 10 రూపాయలు తగ్గించినప్పుడు గుజరాత్ తన వంతుగా చెరి 7 రూపాయలు తగ్గించింది. తెలుగు రాష్ట్రాలు రెండూ కదలలేదు.

అయితే దోషమంతా రాష్ట్రాలదేనా? 2022 మేలో మరోసారి తగ్గించాక లీటరు పెట్రోలుపై కేంద్ర సుంకం 19.90 రూపాయలకు చేరింది. అప్పుడు అందులో రాష్ట్రాలకు వాటా దక్కే మూల సుంకం 1.40 మాత్రమే. పదిహేనవ ఆర్థిక సంఘం చెప్పిన 41 శాతం లెక్కన రాష్ట్రాలన్నిటికీ కలిపి వచ్చింది 57 పైసలు. తక్కినదంతా సెస్సుల, ప్రత్యేక సుంకాల పేరిట ఢిల్లీలోనే ఉండిపోయింది. జీఎస్‌టీ వచ్చాక రాష్ట్రాల చేతిలో మిగిలిన పెద్ద వనరులు చమురు, మద్యమే కనుక అవి వ్యాట్‌ను వదులుకోవు.

పెట్రోలియంను జీఎస్‌టీలోకి తెచ్చే తేదీని మండలి సిఫారసు చేయాలని రాజ్యాంగంలోని 279ఎ అధికరణం చెబుతోంది. 2021 సెప్టెంబరు 17న లక్నోలో సమావేశమైన మండలి అందుకు ఇది సమయం కాదని తేల్చింది. వివిధ పార్టీల ప్రభుత్వాలు ఏకాభిప్రాయానికి రాగలిగిన అరుదైన విషయాల్లో ఇదొకటి!

చవక ధరను వెదకవలసింది బంకుల్లో కాదు, బడ్జెట్ పత్రాల్లో. ఓటరు అడగనంత కాలం లింబాయత్ వృద్ధుని ప్రశ్నకు ఏ చట్టసభా జవాబు చెప్పదు.