ఎంఎస్ ఉన్నవాళ్లకు మెదడు ఎందుకు అలసిపోతుంది? అది బద్ధకం కాదు!

వెలిమెల నుంచి పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు షిఫ్టులకు వెళ్లేవాళ్లు చాలామందే. వాళ్లలో ఎవరికైనా మల్టిపుల్ స్క్లెరోసిస్.. అంటే ఎంఎస్ ఉంటే, పని మొదలైన గంటకే లెక్క తప్పొచ్చు. చెప్పిన మాట బుర్రకెక్కదు. పక్కవాళ్లేమో 'బద్ధకం' అనేస్తారు.

అసలేం జరుగుతుంది?
ఎంఎస్‌లో మన రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాము నరాల మీదుండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. కరెంటు తీగ తొడుగు ఊడినట్టన్నమాట. దాంతో సిగ్నల్ నెమ్మదిస్తుంది. మెదడు లోపలుండే థాలమస్, బేసల్ గాంగ్లియా, నుదుటి వెనక భాగం కలిసి ఏకాగ్రతను నడిపిస్తాయి. ఈ దారి దెబ్బతింటే అదే పనికి మెదడు ఎక్కువ కష్టపడాలి. అందుకే కూర్చుని చేసే పనికీ నీరసం.

వేడితో జాగ్రత్త
ఒంట్లో వేడి పెరిగితే సిగ్నల్ ఇంకా మందగిస్తుంది. బాయిలర్లు, ఫర్నేసుల దగ్గర పని మరీ కష్టం. చల్లని చోటు, మధ్యమధ్యలో విరామం, కష్టమైన పని షిఫ్టు మొదట్లోనే ముగించడం మేలు.

అలసట ఒక్కటే ఉంటే ఎంఎస్ అనుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి కూడా కారణం కావచ్చు. చూపు మసకబారడం, తిమ్మిర్లు తోడైతే మాత్రం న్యూరాలజిస్టును కలవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ కూడా ఉంది. సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.