రీస్లింగ్ ద్రాక్షతో బుడగల వైన్: జర్మనీ చిన్న రైతులు ఎలా చేస్తున్నారు?

జర్మనీలోని మోసెల్, రైన్‌గౌ, ఫాల్జ్ ప్రాంతాల్లో విస్తారంగా సాగయ్యే తెల్ల ద్రాక్ష రీస్లింగ్. కాయ పండినా ఇందులో పులుపు బాగా నిలుస్తుంది. బుడగల వైన్‌కు కావలసింది ఆ పులుపే. ఈ వైన్‌ను అక్కడ జెక్ట్ అంటారు.

దీనికోసం ద్రాక్షను మామూలు వైన్ కంటే ముందే, తీపి సుమారు 18 బ్రిక్స్ ఉన్నప్పుడు కోస్తారు. శరదృతువు వానలకు వచ్చే బూజు కుళ్లు నుంచి పంట కొంత తప్పించుకోవడం ఇందులో రైతుకు కలిసొచ్చే విషయం. అయితే తొందరపడి పచ్చిగా కోస్తే పులుపు తప్ప రీస్లింగ్ సువాసన రాదు. గుత్తులను చేత్తో కోసి, గింజలు విడదీయకుండా అలాగే మెల్లగా పిండుతారు. అప్పుడు తొక్కల చేదు రసంలోకి దిగదు.

మొదట రసాన్ని పులియబెట్టి వైన్ చేస్తారు. దానికి లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్ట్ కలిపి మందపు సీసాల్లో నింపి మూతవేస్తారు. సీసాలోనే రెండోసారి పులిసి, వెలువడిన గ్యాస్ బయటికి పోలేక వైన్‌లో కరుగుతుంది. తరువాత నెలల తరబడి ఈస్ట్ మడ్డి మీదే ఉంచుతారు. కాల్చిన రొట్టె లాంటి వాసన అలా వస్తుంది. చివరికి సీసాను తలకిందులు చేసి, మడ్డిని మూతి దగ్గరకు చేర్చి, అక్కడ గడ్డకట్టించి తీసేస్తారు.

జర్మనీలో తయారయ్యే జెక్ట్‌లో ఎక్కువ భాగం పెద్ద కంపెనీలు ట్యాంకుల్లో చౌకగా చేసేదే. ధరలో దానితో చిన్న రైతు పోటీపడలేడు. అందుకే 'వింజర్‌జెక్ట్' అనే పేరు అతనికి ఆసరా. సొంత తోట లేదా సహకార సంఘ సభ్యుల ద్రాక్షతో, సీసాలోనే పులియబెట్టి, కనీసం 9 నెలలు మడ్డి మీద ఉంచితేనే ఆ పేరు వాడాలి. రకం, పంట సంవత్సరం లేబుల్ మీద ఉండాలి. యంత్రాలు లేనివారు ఆ పనిని కూలికి చేసే కేంద్రాలకు ఇస్తారు. అసలు కష్టం పెట్టుబడిదే: అంతకాలం డబ్బు సీసాల్లోనే ఇరుక్కుంటుంది. పైగా ముప్పావు లీటరు సీసాకు 1.02 యూరోల ప్రత్యేక పన్ను. యుద్ధనౌకల ఖర్చు కోసమని 1902లో మొదలైన ఈ పన్ను నేటికీ ఉంది!

రీస్లింగ్ చల్లని ప్రాంతపు రకం. మన ఎండల్లో దాని పులుపు త్వరగా పడిపోతుంది కాబట్టి ఇక్కడ నాటమని సలహా ఇవ్వలేము. వైన్ తయారీకి మన దగ్గర ఎక్సైజ్ లైసెన్స్ తప్పనిసరి. ఇంట్లో సీసాలో చక్కెర వేసి పులియబెట్టే ప్రయోగం అసలే వద్దు. లోపల ఒత్తిడి 6 బార్ వరకు చేరుతుంది, అంటే కారు టైరులో ఉండేదానికి రెండున్నర రెట్లు. మామూలు సీసా పేలిపోతుంది.