యుద్ధభూమి అక్కడ, జ్ఞాపకాలు ఇక్కడ

సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ 1971 డిసెంబరు 16న పాకిస్థాన్‌లోని షకర్‌గఢ్ ప్రాంతంలో, బసంతర్ నదికి అవతల జరిగిన ట్యాంకుల పోరులో నేలకొరిగాడు. అప్పటికి అతని వయసు ఇరవై ఒక్క ఏళ్ల రెండు నెలలు. అధికారిగా భుజాన నక్షత్రం తగిలించుకుని ఆరు నెలలు దాటింది, అంతే. అదే రోజు సాయంత్రం ఢాకాలో పాకిస్థాన్ తూర్పు సేన లొంగిపోయింది. మర్నాటి రాత్రికి పడమటి సరిహద్దులోనూ కాల్పులు ఆగాయి. మరణానంతరం అతనికి పరమవీర చక్ర దక్కింది. ఆనాటికి ఆ పతకం పొందినవారందరిలోకీ చిన్నవాడు అతనే.

యుద్ధంలో పోయినవారి స్మారకం చాలాసార్లు వారు పడిన చోటే లేస్తుంది. రెజాంగ్‌లా వీరులకు చుషూల్ దగ్గర, కార్గిల్ వీరులకు ద్రాస్‌లో అలాగే కట్టారు. అరుణ్ విషయంలో ఆ వీలు లేకపోయింది. అతను పోరాడిన నేలను 1972 సిమ్లా ఒప్పందం తర్వాత భారత్ తిరిగి పాకిస్థాన్‌కు అప్పగించింది. అక్కడ శిలాఫలకం పెట్టే హక్కు గానీ, ఏటా వెళ్లి పూలు ఉంచే దారి గానీ మిగల్లేదు. అందుకే అతని జ్ఞాపకం ఒకచోట కాక పలుచోట్ల పరుచుకుంది. పుణె దగ్గరి పరేడ్ మైదానంలో, డెహ్రాడూన్‌లోని సభామందిరంలో, అహ్మద్‌నగర్‌లో నిలబెట్టిన ట్యాంకులో, అండమాన్ సముద్రంలోని ఒక దీవి పేరులో అది కనిపిస్తుంది. వీటన్నిటికంటే ముఖ్యమైన భాగం మాత్రం అతన్ని చంపిన అధికారి మాటల్లో ఉంది.

సైనికుల ఇల్లు

అరుణ్ 1950 అక్టోబరు 14న పుణెలో పుట్టాడు. తండ్రి ఎం.ఎల్. ఖేత్రపాల్ సైన్యంలోని ఇంజనీర్ల దళంలో అధికారి, బ్రిగేడియర్ స్థాయి వరకు ఎదిగారు. తల్లి మహేశ్వరి. ముఖేశ్ అని ఒక తమ్ముడు. కుటుంబం స్వస్థలం సర్గోధా. దేశవిభజనతో ఇటు వచ్చింది. తాత మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశారు. ముత్తాత సిక్కు సైన్యంలో ఉండి 1849లో చిలియాంవాలాలో ఆంగ్లేయులతో తలపడ్డారని ఇంట్లో చెప్పుకునేవారు. ఇలాంటి ఇళ్లలో పిల్లవాడు సైన్యంలో చేరతాడా అన్న చర్చ ఉండదు, ఏ రెజిమెంట్‌లో చేరతాడన్నదే ఉంటుంది.

హిమాచల్ కొండల్లోని సనావర్ లారెన్స్ స్కూల్లో చదివి, 1967లో ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాడు. అక్కడ అతనిది ఫాక్స్‌ట్రాట్ స్క్వాడ్రన్. తర్వాత డెహ్రాడూన్ ఇండియన్ మిలిటరీ అకాడమీలో శిక్షణ ముగించి 1971 జూన్ 13న 17 పూనా హార్స్ రెజిమెంట్‌లో అధికారిగా అడుగుపెట్టాడు.

ఈ రెజిమెంట్ గురించి తెలుగు పాఠకులు తెలుసుకోదగ్గ సంగతి ఒకటుంది. 1817 నాటి గుర్రపు దళంగా మొదలై ట్యాంకుల దళంగా మారిన పూనా హార్స్‌కు 1965 యుద్ధంలో లెఫ్టినెంట్ కర్నల్ ఎ.బి. తారాపూర్ నాయకుడు. ఆయన సైనిక జీవితం మొదలైంది హైదరాబాద్ సంస్థాన సేనలో. ముందు 7వ హైదరాబాద్ పదాతిదళంలోనూ, ఆపైన హైదరాబాద్ లాన్సర్స్‌లోనూ పనిచేసి, సంస్థానం విలీనమయ్యాక 1951లో పూనా హార్స్‌కు వచ్చారు. సియాల్‌కోట్ రంగంలో ఫిల్లౌరా, చవిండా పోరాటాల్లో గాయపడినా వెనక్కి రాకుండా నిలిచి, 1965 సెప్టెంబరు 16న మరణించారు. ఆయనకూ పరమవీర చక్ర మరణానంతరమే వచ్చింది. ఆరేళ్ల తర్వాత అరుణ్ చేరింది ఆ పేరు ఇంకా పచ్చిగా ఉన్న మెస్‌లోకి. పోరాడవలసి వచ్చింది కూడా దాదాపు అదే సియాల్‌కోట్ ఇలాకాలో.

అహ్మద్‌నగర్‌లో కొత్త అధికారులకు ట్యాంకు పోరు నేర్పే కోర్సులో ఉండగానే యుద్ధ మేఘాలు కమ్ముకున్నాయి. కోర్సు మధ్యలోనే యువ అధికారులను దళాలకు పిలిపించారు. శిక్షణ పూర్తికాని కుర్రవాణ్ణి యుద్ధానికి తీసుకెళ్లడానికి రెజిమెంట్ నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ హనూత్ సింగ్ మొదట ఇష్టపడలేదనీ, అరుణ్ పట్టుబట్టి ఒప్పించుకున్నాడనీ చెబుతారు. సామాన్లలో గోల్ఫ్ కర్రలూ, విందుల్లో వేసుకునే నీలం యూనిఫారమూ సర్దుకున్నాడన్న కథ కూడా ఉంది. లాహోర్‌లో గోల్ఫ్ ఆడాలట, గెలిచాక జరిగే విందుకు ఆ దుస్తులు కావాలట. ఇరవై ఒక్క ఏళ్ల వయసుకు తగిన మాటే కనుక నమ్మడానికి కష్టం లేదు.

బసంతర్ అవతల

షకర్‌గఢ్ పాకిస్థాన్ నేల భారత్ వైపు పొడుచుకొచ్చిన చోటు. పఠాన్‌కోట్ నుంచి జమ్మూకు వెళ్లే రహదారి ఆ మొనకు బాగా దగ్గరగా పోతుంది. శత్రువు అక్కడి నుంచి ముందుకొచ్చి ఆ దారి తెంచితే జమ్మూ కశ్మీర్‌కు రాకపోకలు చిక్కుల్లో పడతాయి. అందుకని భారత సైన్యం తానే ముందుగా ఆ మొనలోకి చొచ్చుకుపోవాలని నిర్ణయించుకుంది. 54వ పదాతి డివిజన్ మందుపాతరల పట్టీలను ఒక్కొక్కటిగా దాటుకుంటూ డిసెంబరు రెండో వారం చివరికి బసంతర్ నదిని చేరింది.

బసంతర్ పెద్ద నదేమీ కాదు. అసలు అడ్డంకి నీళ్లు కావు, గట్ల పొడవునా పాకిస్థాన్ సైన్యం పాతిపెట్టిన మందుపాతరలు. డిసెంబరు 15 రాత్రి 47వ బ్రిగేడ్ పదాతిదళం అవతలి గట్టున కాలూనింది. ఇంజనీర్లు ట్యాంకుల కోసం దారి శుభ్రం చేయడం మొదలుపెట్టారు. ఆ పని సగంలో ఉండగానే, శత్రువు ట్యాంకుల చప్పుడు వినిపిస్తోందని ముందున్న సైనికులు కబురంపారు. తెల్లవారేలోపు ట్యాంకులు చేరకపోతే అవతల ఉన్న పదాతిదళం నిలవలేదు. హనూత్ సింగ్ ఆగలేదు. పూర్తిగా శుభ్రం కాని దారిలోనే పూనా హార్స్ ట్యాంకులను నడిపించారు. ఈ పోరాటంలో అందరూ అరుణ్ పేరే తలుస్తారు గానీ, మర్నాటి ఫలితాన్ని సగం తేల్చింది ఆ చీకట్లో తీసుకున్న నిర్ణయమే. హనూత్‌కు మహావీర చక్ర వచ్చింది.

16వ తేదీ ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో, పొగ తెర చాటున పాకిస్థాన్ ట్యాంకులు జర్‌పాల్ గ్రామం దగ్గర ఎదురుదాడికి దిగాయి. వచ్చింది 13 లాన్సర్స్. బ్రిటిష్ ఇండియా సేన నుంచి విభజనలో పాకిస్థాన్ వాటాకు వెళ్లిన పాత రెజిమెంట్ అది. వాళ్లవి అమెరికా తయారీ పాటన్ ట్యాంకులు, పూనా హార్స్‌వి బ్రిటన్ తయారీ సెంచూరియన్లు. సంఖ్యలో తక్కువగా ఉన్న బి స్క్వాడ్రన్ నాయకుడు రేడియోలో సాయం అడిగారు. ఎ స్క్వాడ్రన్‌లో ఉన్న అరుణ్ తన ట్రూప్‌తో వెంటనే బయలుదేరాడు.

దారిలో శత్రు పదాతి స్థావరాల నుంచీ ట్యాంకు విధ్వంసక తుపాకుల నుంచీ కాల్పులు ఎదురయ్యాయి. వెంట వచ్చిన ఒక ట్యాంకు కమాండర్ చనిపోయాడు. అరుణ్ పక్కకు తప్పుకోలేదు. ఆ స్థావరాల మీదికే ట్యాంకును తోలి, కొందరిని పిస్తోలు చూపించి బందీలుగా పట్టుకుని, అక్కడి నుంచి బి స్క్వాడ్రన్‌ను కలుసుకున్నాడు. అతను చేరేసరికి వెనుదిరుగుతున్న శత్రు ట్యాంకులను తరుముకుంటూ వెళ్లాడనీ, స్క్వాడ్రన్ నాయకుడు వెనక్కి పిలిచి అదుపులో పెట్టాడనీ పతక ప్రశంసాపత్రమే చెబుతుంది. దూకుడు అతని గుణం. అధికారిక పత్రం దాన్ని దాచలేదు.

రెండోసారి శత్రువు మరిన్ని ట్యాంకులతో వచ్చాడు. ఆ వైపు అడ్డంగా నిలిచినవి మూడే సెంచూరియన్లు: కెప్టెన్ మల్హోత్రాది, లెఫ్టినెంట్ అహ్లావత్‌ది, అరుణ్‌ది. కాసేపట్లో అహ్లావత్ ట్యాంకు దెబ్బతింది, మల్హోత్రా ట్యాంకు ఫిరంగి మొరాయించింది. అరుణ్ ట్యాంకు పేరు ఫామగుస్తా. సైప్రస్ దీవిలోని ఒక రేవు పట్టణం పేరు. అందులో అతనితో పాటు మరో ముగ్గురు. నడిపేవాడు ప్రయాగ్ సింగ్, ఫిరంగి పేల్చేవాడు నాథూ సింగ్, గుండ్లు నింపుతూ రేడియో చూసుకునేవాడు నంద్ సింగ్. గుండు తగిలి ఫామగుస్తాకు నిప్పంటుకుంది. ట్యాంకు వదిలి బయటికి రమ్మని రేడియోలో ఆజ్ఞ వచ్చింది. తన ఫిరంగి ఇంకా పనిచేస్తోందనీ, ట్యాంకును వదలననీ అరుణ్ జవాబిచ్చాడు. అతను కొట్టిన చివరి ట్యాంకు అతని నుంచి వంద మీటర్ల దూరంలోనే ఉంది. అంతలో మరో గుండు వచ్చి ఫామగుస్తాను తాకింది. అరుణ్, నంద్ సింగ్ చనిపోయారు. ప్రయాగ్ సింగ్, నాథూ సింగ్ గాయాలతో బతికారు. శత్రువు ఆ వైపు నుంచి చొచ్చుకురాలేకపోయాడు.

ఆ పోరులో కూలిన శత్రు ట్యాంకులు పది అనీ, వాటిలో అరుణ్ స్వయంగా కొట్టినవి నాలుగు అనీ ప్రశంసాపత్రం లెక్క. తర్వాతి దశాబ్దాల్లో ఉపన్యాసాల్లో, పత్రికల్లో మొత్తం పదీ అతని ఖాతాలోనే పడిపోయాయి. వీరగాథ చేతులు మారేకొద్దీ ఇలా ఉబ్బడం మామూలే. నాలుగు చిన్న లెక్క కాదు, కాలుతున్న ట్యాంకులో కూర్చుని సాధించినదైతే మరీను. పెంచి చెప్పడం వల్ల పక్కన పోరాడిన ఇద్దరి వాటా చెరిగిపోతుందన్నదే అసలు నష్టం.

తిరిగిచ్చిన నేల

డిసెంబరు 17న సాంబా దగ్గర అరుణ్‌కు దహన సంస్కారం జరిగింది. అస్థికలను ఇంటికి పంపారు. దేశమంతా విజయోత్సవాల్లో ఉంది; యుద్ధం ఆగింది కదా, అబ్బాయి వస్తాడని ఇంట్లో ఎదురుచూస్తున్న రోజులవి. కబురు కాల్పులు ఆగాకే అందింది. 1972 గణతంత్ర దినాన పరమవీర చక్రను తల్లి మహేశ్వరి అందుకున్నారు. ఇచ్చినవారు నాటి రాష్ట్రపతి, తెలుగువాడైన వి.వి. గిరి.

1971 యుద్ధానికి నాలుగు పరమవీర చక్రలు వచ్చాయి. అందులో రెండు బసంతర్ పోరాటానివే. రెండోది 3 గ్రెనేడియర్స్‌కు చెందిన మేజర్ హోషియార్ సింగ్‌ది. జర్‌పాల్‌ను పట్టి నిలబెట్టిన ఆయన ఒక్కరే ఆ నలుగురిలో బతికుండి పతకం అందుకున్నారు. ఆయన దళం మీద 17వ తేదీన దాడిచేసి మరణించిన పాకిస్థాన్ 35 ఫ్రాంటియర్ ఫోర్స్ నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ అక్రమ్ రాజా ధైర్యాన్ని భారత అధికారులే మెచ్చుకుని చెప్పారు. పాకిస్థాన్ ఆయనకు హిలాల్-ఎ-జుర్రత్ పతకమిచ్చింది. ఎదుటివాడి మరణానికి సాక్ష్యం చెప్పే ఈ మర్యాద ఆ రంగంలో రెండు వైపులా ఉండేది. ముప్పై ఏళ్ల తర్వాత అరుణ్ తండ్రికి ఎదురైంది దాని మరో ముఖం.

లాహోర్‌లో ఒక రాత్రి

2001లో బ్రిగేడియర్ ఖేత్రపాల్‌కు ఎనభై ఒక్క ఏళ్లు. పుట్టిన ఊరు సర్గోధాను ఒకసారి చూడాలని పాకిస్థాన్ వెళ్లారు. లాహోర్‌లో ఆయనకు ఆతిథ్యమిచ్చింది పాకిస్థాన్ సైన్యంలో బ్రిగేడియర్‌గా రిటైరైన ఖ్వాజా మహమ్మద్ నాసిర్. ఇంటిల్లిపాదీ ఆయన్ని ఎంతో ఆదరంగా చూసుకున్నారు. ఆ ఆదరంలో ఏదో అదనంగా ఉందని అతిథికి తోచింది. తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి నాసిర్ అసలు విషయం చెప్పారు. 1971లో ఆయన 13 లాన్సర్స్‌లో స్క్వాడ్రన్ కమాండర్. డిసెంబరు 16 ఉదయం తమ దాడి సఫలం కాకుండా అడ్డుకున్నది అరుణ్. చివరికి ఇద్దరి ట్యాంకులూ ఒకదానికొకటి గురిపెట్టి దాదాపు ఒకేసారి పేల్చుకున్నాయి. నాసిర్ బతికారు. తాను కొట్టిన ట్యాంకులో ఉన్నదెవరో, అతనికి ఎన్నేళ్లో ఆయనకు తర్వాత గానీ తెలియలేదు.

కొడుకును చంపిన మనిషి ఇంట్లో ఉన్నానని తెలిసిన తండ్రి ఏం మాట్లాడాలి? ఖేత్రపాల్ కోపగించుకోలేదు. తామిద్దరూ సైనికులేనన్న ఎరుకతోనే వీడ్కోలు తీసుకున్నారు. ఢిల్లీ చేరాక నాసిర్ నుంచి ఉత్తరం, ఫొటోలు వచ్చాయి. అందులో అరుణ్‌ను ఆయన పొగిడిన తీరు భారత సైన్యపు ప్రశంసాపత్రానికి ఏమాత్రం తీసిపోదు. అరిగిపోయిన పొగడ్తలు ఎన్నో ఉన్న చోట, ఎదుటి ట్యాంకులోంచి చూసిన మనిషి వాంగ్మూలానికి ఉన్న బరువు వేరు. పోరు జరిగిన నేల పాకిస్థాన్‌లో ఉండిపోయినట్టే, అరుణ్ చివరి గంట కథలో ఒక ముక్క కూడా అక్కడే ఉండిపోయింది. 2001 ప్రయాణం జరగకపోతే అది ఇటు వచ్చేదే కాదు.

పేరు పెట్టిన చోట్లు

నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరేడ్ మైదానానికి ఖేత్రపాల్ పేరుంది. శిక్షణ ముగిసిన ప్రతి కేడెట్ చివరిసారి కవాతు చేసి వెళ్లేది ఆ నేల మీదే. ఇండియన్ మిలిటరీ అకాడమీలో ఒక సభామందిరం అతని పేరు మోస్తోంది. బాగుచేసిన ఫామగుస్తాను అహ్మద్‌నగర్‌లోని ట్యాంకు దళాల కేంద్రంలో ప్రదర్శనకు నిలిపారు. అతను సగంలో వదిలి వెళ్లిన కోర్సును నేటికీ కొత్త అధికారులు చదివేది ఆ ఊళ్లోనే. షిప్పింగ్ కార్పొరేషన్ పరమవీరుల పేర్లు పెట్టిన చమురు నౌకల్లో ఒకటి అతని పేరుతో సముద్రాలు తిరిగింది. 2019లో ఢిల్లీలో తెరుచుకున్న జాతీయ యుద్ధ స్మారకంలోని పరమ యోధ స్థల్‌లో ఇరవై ఒక్కమంది పరమవీరుల విగ్రహాల్లో అతనిదీ ఉంది. 2023 జనవరి 23న అండమాన్ నికోబార్‌లో పేరులేని 21 పెద్ద దీవులకు ఆ ఇరవై ఒక్కమంది పేర్లు పెట్టినప్పుడు ఒక దీవి అరుణ్‌దైంది.

సినిమా కూడా ఈ కథను పట్టుకుంది. శ్రీరామ్ రాఘవన్ దర్శకత్వంలో వచ్చిన హిందీ చిత్రం ‘ఇక్కీస్’లో అరుణ్‌గా అగస్త్య నందా, తండ్రి పాత్రలో ధర్మేంద్ర నటించారు. ఆ పేరుకు ఇరవై ఒకటి అని అర్థం. యుద్ధంతో పాటు లాహోర్ ప్రయాణాన్నీ ఆ చిత్రం కథలో కలుపుకుంది.