చెరువు చేపకు చెట్టుమందు

విజయవాడ నుండి గుడివాడ మీదుగా కైకలూరు వెళ్ళే రైలులో కూర్చున్నవారికి, మండవల్లి సమీపించేసరికి వరిచేలకంటె చేపల చెరువులే ఎక్కువగా కనుపిస్తాయి. 1980 దశకములో ఇచ్చట అనేక వరిపొలాలు చెరువులుగా మారినవి. (కైకలూరు 2022లో ఏలూరు జిల్లాలో చేరినది గాని, చేపల సంగతిలో దానిని మన డెల్టా నుండి విడదీయలేము.) బొచ్చె, శీలావతి, మోసు అనే మూడు జాతులలో శీలావతి ఇక్కడ ప్రధానమైనది. ఐసు పెట్టెలలో హౌరా వరకు ప్రయాణించే ఆ చేప అంతకుముందు ఎన్ని కష్టాలు పడినదో కొనేవారికి తెలియదు.

పిల్లదశలో దానిని ఏడాదిపాటు ఇరుకుగా, అరకొర మేతతో ఉంచి, పిదప పెద్ద చెరువులోనికి మార్చుతారు. వల లాగడము, లారీలో తరలించడము, మబ్బు పట్టిన రోజులలో తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గడము, అడుగున చేరిన మేత కుళ్ళి అమ్మోనియా పుట్టడము - ఇవన్నీ దానికి ఒత్తిడియే. అట్టి సమయమున మెదడు నుండి వెలువడిన సంకేతము వలన మూత్రపిండము ముందుభాగమునందలి కణములు కార్టిసాల్ అనే హార్మోనును స్రవిస్తాయి. రక్తములో చక్కెర పెరుగుతుంది. ఇది కొద్దిసేపు జరిగితే చేపకు రక్షణే. రోజుల తరబడి సాగితే మాత్రము మేత తినదు, పెరగదు, రోగనిరోధకశక్తి సన్నగిల్లుతుంది. ఎల్లప్పుడు నీటిలోనే పొంచియుండే ఏరోమోనాస్ సూక్ష్మజీవి అప్పుడు చొరబడి పుండ్లు కలిగిస్తుంది.

ఇందుకు విరుగుడుగా కొందరు యాంటీబయాటిక్‌లను మేతలో కలిపినారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటివి ఇప్పుడు నిషిద్ధములు. కనుకనే శాస్త్రజ్ఞుల దృష్టి మూలికలవైపు మళ్ళినది. పసుపు, వెల్లుల్లి, ఉత్తరేణి, యూనానీ హకీములు అస్‌గంధ్ అని పిలిచే పెన్నేరు - వీటిని మన దేశపు చేపలపై ప్రయోగించి చూచినారు. రక్తములోని తెల్లకణములు చురుకుదేరి, సూక్ష్మజీవులను మింగే శక్తి పెరిగినట్లు గమనించినారు. భువనేశ్వరు సమీపమున కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి మత్స్యపరిశోధన సంస్థవారు 2007లో ప్రకటించిన ప్రయోగము మరింత ముచ్చటైనది. శీలావతి పిల్లలకు 60 రోజులు మామిడి జీడి పొడి పెట్టగా, కిలో మేతకు 5 గ్రాములు తిన్నవి ఏరోమోనాస్‌ను బాగా తట్టుకొన్నవి. నూజివీడు మామిడి ఎరిగిన మనకు టెంకలకు కొదువ లేదు గదా!

అయితే తొట్టిలో జరిగినది చెరువులో జరుగునా? మన రైతులు నూనె తీసిన తవుడును, వేరుశనగ చెక్కను రంధ్రములు గల సంచులలో నింపి, వెదురు గుంజలకు వ్రేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ రంధ్రముల వద్ద నోరు పెట్టి తింటాయి. పొడిని ఊరకే చల్లితే సగము నీటి పాలగును. చిక్కని గంజితో మేతకు పట్టించితే కొంత నిలుస్తుంది.

‘చెట్టుమందు గనుక హాని లేదు’ అనే మాట నమ్మరాదు. చెరువులోని కలుపుచేపలను చంపుటకు వాడేది ఇప్పచెక్కయే; అదీ చెట్టు నుండి వచ్చినదే. వేప కూడ మోతాదు మించితే చేపకు విషమే.

నేను స్వయముగా చూచినది ఒకటి చెప్పవలె. మా బంధువులలో ఒకరు ఎవరో అమ్మజూపిన మూలికల డబ్బా కొని, ఇక భయము లేదనుకొని, ఒక ముసురు రాత్రి గాలిమర యంత్రము వేయక నిద్రపోయినారు. తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నవి. సూర్యుడు పొడిచేలోగా గట్టు పొడవునా తెల్లని పొట్టలు తేలినవి. ఊపిరాడని చేపకు ఏ మూలికా ఊపిరి పోయదు. లీటరు నీటిలో ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములు ఉండేట్లు చూచుకొన్న తరువాతనే పసుపైనా, పెన్నేరైనా.

మన జంతుశాస్త్ర విభాగమునకు రెండు సిమెంటు తొట్లు, ఒక చిన్న గాలిపంపు సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాను. ఒకదానిలో మామూలు తవుడు, రెండవదానిలో జీడిపొడి కలిపిన తవుడు. రెండింటిని ఒకే రోజున వలతో కదిలించి, ఏ తొట్టి చేపలు ముందుగా తిరిగి మేతకు వచ్చునో విద్యార్థులే గడియారము పట్టి వ్రాసికొనగలరు.